వేట చోట్లు, గాలిమరల చోట్లు

సముద్రంలో గాలిమరలు నిలబెట్టే ముందు మూడు సంగతులు తెలియాలి. అక్కడ గాలి ఎంత బలంగా వీస్తుంది, అడుగున నేల ఎలాంటిది, ఆ నీటి మీద ఇప్పటికే బతుకుతున్నవాళ్లు ఎవరు. మొదటి రెండింటికీ పరికరాలున్నాయి. లేజర్ కిరణాలతో గాలివేగాన్ని కొలిచే లైడార్‌ను సముద్రం మధ్య వేదిక మీద బిగించి నెలల తరబడి లెక్కలు తీస్తారు. ధ్వని తరంగాలు పంపి, బోర్లు వేసి నేల గట్టిదనం చూస్తారు. మూడో సంగతికి పరికరం లేదు. మనుషులు వెళ్లి మనుషులతో మాట్లాడాలి, పడవలతో పాటు వేటకు పోవాలి, వేలం దగ్గర నిలబడి చూడాలి, ఊరి పెద్దలనే కాక ఊళ్లో ఎవరూ పలకరించనివాళ్లను కూడా అడగాలి. సముద్ర ప్రణాళికలో సామాజిక పరిశోధన అంటే ఈ పని. అన్నిటికంటే ముందు మొదలవ్వాల్సిన ఈ పని చాలా చోట్ల అన్నీ తేలిపోయాక మొదలవుతుంది.

మన దేశంలో సముద్ర పవన విద్యుత్తు ఇంకా తొలి మెట్ల మీదే ఉంది. కేంద్ర ప్రభుత్వం 2015లో జాతీయ విధానం ప్రకటించి, బాధ్యతను చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థకు అప్పగించింది. 2017లో గుజరాత్‌లోని పిపావావ్ రేవుకు ఎదురుగా, ఖంభాత్ సింధుశాఖలో మొదటి లైడార్ పని మొదలుపెట్టింది. 2023 చివర్లో సముద్రగర్భాన్ని లీజుకిచ్చే నియమాలు వచ్చాయి. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం గుజరాత్ తీరంలో 500 మెగావాట్లు, తమిళనాడు తీరంలో 500 మెగావాట్ల కోసం 7,453 కోట్ల రూపాయల సాయానికి ఆమోదం తెలిపింది. గాలి బలం చూసి ఎంచుకున్న తీరాలవి. ఆంధ్రప్రదేశ్ తీరం ఆ తొలి విడతలో లేదు.

అలాంటప్పుడు తెలుగువాళ్లకు, అందులోనూ సముద్రం కనిపించని హైదరాబాద్ తూర్పు శివార్లలో ఉండేవాళ్లకు ఈ విషయంతో ఏం సంబంధం? సంబంధం కరెంటు తీగతోనే మొదలవుతుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్‌ల మధ్య 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశపు గ్రిడ్‌తో కలిసింది. అప్పటి నుంచి గుజరాత్ తీరంలో పుట్టిన కరెంటూ, తమిళనాడులో పుట్టిన కరెంటూ ఒకే వలలో పారుతున్నాయి. ఎల్బీ నగర్ నుంచి మియాపూర్‌కు పరిగెత్తే మెట్రో రైలైనా, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో అర్ధరాత్రి దాకా తిరిగే ఫ్యానైనా ఆ వలకు కట్టిన కొసలే. రోడ్డు మాటకొస్తే సంబంధం ఇంకా దగ్గరిది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్ కూడళ్ల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడ దాటి మచిలీపట్నం దగ్గర సముద్రపు ఒడ్డున ఆగుతుంది. మత్స్యకారులకు చేపలు ఎక్కడ దొరకవచ్చో, అలలు ఎంత ఎత్తు లేస్తాయో రోజూ చెప్పే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్ 1999 నుంచి ఈ హైదరాబాద్‌లోనే ఉంది. సముద్రం గురించి నిర్ణయించేవాళ్లు, సముద్రపు కరెంటు వాడుకునేవాళ్లు చాలామంది సముద్రానికి దూరంగానే ఉంటారు. దగ్గర ఉన్నవాళ్ల మాట వినడానికి ప్రత్యేకంగా ఒక పద్ధతి కావలసి వచ్చింది అందుకే.

ఆ పద్ధతికి చట్రం సముద్ర ప్రాంత ప్రణాళిక. ఊరికి మాస్టర్ ప్లాన్ ఉన్నట్టే సముద్రానికీ ఒక పటం గీసి ఓడల దారి, చమురు బావులు, నౌకాదళ విన్యాసాల చోటు, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం, చేపల వేట, గాలిమరలు దేనికెక్కడ చోటో ముందే తేల్చుకోవడం దీని ఉద్దేశం. యునెస్కో 2009లో దీనికి దశలవారీ మార్గదర్శి ప్రచురించింది. నార్వే సహకారంతో భారతదేశం పుదుచ్చేరి, లక్షదీవుల్లో ప్రయోగాత్మకంగా దీన్ని చేపట్టింది.

చిక్కంతా ఆ పటంలోనే ఉంది. ఓడల దారికి ఉపగ్రహ సంకేతాల రికార్డు ఉంటుంది. చమురు బావికి అక్షాంశ రేఖాంశాలుంటాయి. తెప్ప మీద, ఫైబర్ పడవ మీద వేటాడేవాడికి అలాంటి కాగితం ఏదీ ఉండదు. కాబట్టి పటంలో అతను వేటాడే నీళ్లు ఖాళీగా, ఎవరిదీ కాని చోటుగా కనిపిస్తాయి. అమెరికా పరిశోధకులు కెవిన్ సెయింట్ మార్టిన్, మడెలైన్ హాల్-ఆర్బర్ 2008లో రాసిన వ్యాసంలో ఈ లోటును ‘తప్పిపోయిన పొర’ అన్నారు. సముద్ర పటాల్లో నీటి లోతుకు, జీవజాతులకు, ఓడలకు పొరలున్నాయి గాని ఏ ఊరివాళ్లు ఏ నీళ్ల మీద ఆధారపడ్డారో చెప్పే పొర లేదని వాళ్ల వాదన. ఆ పొరను నింపడమే సామాజిక పరిశోధన చేసే మొదటి పని.

నింపడం తేలిక కాదు. పెద్ద పటం పరిచి ‘మీరెక్కడ వేటాడతారు’ అని అడిగితే జవాబు వేలి గుర్తుగా రాదు. పాతతరం మత్స్యకారుడు లోతును బారల్లో చెబుతాడు. చోటును ఒడ్డున కనిపించే కొండల వరసతో చెబుతాడు. విశాఖపట్నం ముందు సముద్రంలో డాల్ఫిన్స్ నోస్ కొండ ఒక పక్క, కైలాసగిరి మరో పక్క పెట్టుకుని, ఒక శిఖరం మరో గుర్తు వెనక్కి వచ్చే చోట రాళ్ల మీద చేప ఉంటుందని లెక్క. కొత్తతరం దగ్గర జీపీఎస్ ఉంది, కాని అందులోని అంకెలు ఇంటి బంగారంలాంటివి, పక్క పడవవాడికి కూడా చూపించరు. అందుకే అనుభవమున్న పరిశోధకులు కచ్చితమైన బిందువు అడగరు. సముద్రాన్ని పెద్ద గడులుగా విడదీసి, ఏ గడిలో ఏ నెలలో ఏ వలతో పోతారో రాసుకుంటారు. అనేకమంది చెప్పినదాన్ని కలిపేసి, ఏ ఒక్కరి చోటూ బయటపడకుండా పటం గీస్తారు. ఆ పటాన్ని మళ్లీ ఊరికి తెచ్చి చూపించి, తప్పులు దిద్దించుకుంటారు. ఈ చివరి అడుగు వేయని అధ్యయనాన్ని ఊళ్లో ఎవరూ తమదిగా ఒప్పుకోరు, ఒప్పుకోనక్కరలేదు కూడా.

నెలలు అడగడానికీ కారణముంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం. చేపలు గుంపులుగా వచ్చే కాలం వేరు, గాలి తిరిగే కాలం వేరు. ఒక చోటు తొమ్మిది నెలలు ఖాళీగా ఉండి, మిగిలిన మూడు నెలల్లోనే ఒక ఊరికి ఏడాది తిండి పెట్టవచ్చు. డిసెంబరులో వారం రోజులు తిరిగి చూసిన సర్వేకు ఆ మూడు నెలలు దొరకవు.

వల రకాన్ని బట్టి కూడా గాలిమరలతో పొత్తు మారుతుంది. కొట్టుకుపోయే వలను సాయంత్రం నీళ్లలోకి వదిలితే అది ప్రవాహంతో పాటు గంటల తరబడి సాగుతుంది. మరల స్తంభాల మధ్య కిలోమీటరు పైగా దూరం వదిలినా అలాంటి వలకు ఆ చోటు చాలదు, చుట్టుకుంటే వల పోయినట్టే. ట్రాలర్ అడుగున ఈడ్చే వలకు భయం వేరు: మట్టిలో పాతిన కేబుల్ ఎక్కడైనా పైకి తేలితే వల చిక్కుతుంది, పడవకే ప్రమాదం. గేలాలతో వేటాడేవాడికి మాత్రం ఆ స్తంభాలే మేలు చేయవచ్చు, ఎందుకంటే నీళ్లలో గట్టి వస్తువు నిలిస్తే దాని చుట్టూ నత్తలు, ఆలిచిప్పలు, వాటి వెనుక చేపలు చేరతాయి. అమెరికాలో మొట్టమొదటి సముద్ర గాలిమరల క్షేత్రం 2016లో రోడ్ ఐలండ్ రాష్ట్రపు బ్లాక్ ఐలండ్ దగ్గర మొదలైంది. ఐదు మరలు, 30 మెగావాట్లు. అక్కడ 2018లో వెలువడిన పరిశోధనలో సరదాగా గేలం వేసేవాళ్లు మరల దగ్గర చేపలు బాగా పడుతున్నాయని సంతోషించారు. వృత్తిగా వేటాడేవాళ్లు ఆ గేలాల రద్దీ వల్ల తాము అక్కడ పనిచేయలేకపోతున్నామన్నారు. ఐదు మరల చిన్న క్షేత్రం మీదే ‘మత్స్యకారుల అభిప్రాయం’ రెండుగా చీలింది.

మన తీరంలో ఈ చీలిక ఇంకా లోతైనది. ఆంధ్రప్రదేశ్ సముద్ర వేట నియంత్రణ చట్టం 1994 నాటిది. దాని కింద ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల దాకా ఉన్న నీళ్లు సంప్రదాయ పడవలకు కేటాయించినవి. 2022 జనవరిలో విశాఖపట్నంలో, చేపల గుంపును చుట్టి పట్టే రింగు వలల గొడవ ముదిరి, నడిసముద్రంలో పడవలు తగలబడ్డాయి. రెండు వైపులా ఉన్నది మత్స్యకారులే. గొడవపడిన పెదజాలరిపేట, వాసవానిపాలెం ఒకే నగరపు తీరంలో ఉన్న పేటలే. జాలర్లు, వాడబలిజలు, అగ్నికుల క్షత్రియులు, పల్లెకార్లు, పట్టపువారు అంటూ కులాల తేడా ఒకటి, వలల తేడా ఒకటి, పడవ యజమానికీ కూలీకీ తేడా మరొకటి. వీళ్లందరినీ ‘స్థానిక మత్స్యకారులు’ అనే ఒకే గడిలో పెట్టి టిక్కు కొట్టే సర్వే గొడవను తగ్గించదు, పెంచుతుంది.

గాలిమరలను తీరవాసులు ఎందుకు వద్దంటారనే ప్రశ్న మీద పాశ్చాత్య దేశాల్లో చాలా పని జరిగింది. ‘కరెంటు కావాలి గాని మా పెరట్లో వద్దు’ అనే స్వార్థమే అసలు కారణమని మొదట అందరూ అనుకున్నారు. పరిశోధన ఆ మాటను నిలబడనివ్వలేదు. అమెరికాలో నాంటకెట్ జలసంధిలో 130 మరలతో 2001లో ప్రతిపాదించిన కేప్ విండ్ ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి 2017లో ఆగిపోయింది. డెలావేర్ విశ్వవిద్యాలయానికి చెందిన జెరెమీ ఫైర్‌స్టోన్, విలెట్ కెంప్టన్ ఆ తీరంలో ఉండేవాళ్లను అడిగి 2007లో ఫలితాలు ప్రకటించారు. సముద్ర జీవుల మీద, దృశ్యం మీద, చేపల వేట మీద, పడవ విహారం మీద బెంగ ఉన్నట్టు తేలింది. ఇది ఒంటరి ప్రాజెక్టు కాక ఇలాంటి మూడు వందల క్షేత్రాల్లో మొదటిదైతే మద్దతిస్తారా అంటే మద్దతు పెరిగింది. అంటే తమ త్యాగం ఏదైనా పెద్ద మార్పుకు పనికొస్తుందా అన్నది వాళ్ల లెక్కలో ఉంది. బ్రిటన్ పరిశోధకుడు పాట్రిక్ డివైన్-రైట్ మరో కోణం చూపించాడు. ఉత్తర వేల్స్‌లో పక్కపక్కనే ఉన్న లాండడ్నో, కొల్విన్ బే పట్టణాల ముందు ఒకే క్షేత్రం రాబోతుంటే, ప్రకృతి సౌందర్యమే తన గుర్తింపుగా భావించే లాండడ్నోలో వ్యతిరేకత ఎక్కువగా ఉందని 2010లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చాడు. చోటుతో మనిషికున్న అనుబంధాన్ని కొలవకుండా వ్యతిరేకతను అర్థం చేసుకోలేమని ఆయన చెప్పినది మన తీరానికీ వర్తిస్తుంది. తేడా ఒక్కటే. అక్కడి గొడవలో ముందున్నవి చూసే సముద్రం, సెలవుల ఇల్లు. ఇక్కడ ముందున్నది పొయ్యి మీది కుండ.

నీళ్ల మీద ఇంధన పరిశ్రమ దిగితే ఏమవుతుందో తెలుసుకోవడానికి తెలుగువాళ్లు పరాయి దేశాలకు వెళ్లనవసరం లేదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో గాలి బదులు గ్యాస్ ఉంది. 2022 మే 13న కోనసీమలోని మురమళ్లలో జరిగిన సభలో ఓఎన్‌జీసీ పైపులైన్ పనుల వల్ల వేట కోల్పోయిన 23,458 కుటుంబాలకు పరిహారం విడుదలైంది. నెలకు 11,500 రూపాయల చొప్పున నాలుగు నెలలకు, మొత్తం దాదాపు 108 కోట్లు. తరువాతి నెలలకు కూడా ఇదే లెక్కన ఇచ్చారు. డబ్బు చేతికందడం చిన్న విషయం కాదు. సముద్రం మీద హక్కుకు పట్టా ఉండదు కాబట్టి చాలా చోట్ల మత్స్యకారులకు పైసా కూడా రాదు. అయినా ఆ లెక్కను దగ్గరగా చూస్తే పరిశోధన ఎక్కడ అవసరమో తెలుస్తుంది. పడవ, ఇంజను, వలలు ఉన్న యజమానికీ, అతని పడవెక్కి వాటాకు పోయే మనిషికీ ఒకే మొత్తం. కుటుంబానికి ఒక లెక్క అన్నప్పుడు వేలంలో చేప పాడుకుని గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే భార్య సంపాదన విడిగా ఎక్కడా కనిపించదు. ఎండు చేపల కోసం కవళ్లు, నెత్తళ్లు ఆరబెట్టే ముసలామె, ఐసు కొట్టే కుర్రాడు, ఇంజను బాగుచేసే మెకానిక్ వేటకు వెళ్లరు, కాని వేట ఆగితే వాళ్ల పనీ ఆగుతుంది. పనులు మొదలు కాకముందు ఎవరికి ఎంత వచ్చేదో కొలిచిన పత్రం చేతిలో ఉంటేనే పోయినదెంతో చెప్పగలం. పని మొదలయ్యాక వేసే ప్రతి అంకె బేరమే అవుతుంది.

ముందుగా కొలవకపోతే, కొలిచినా కళ్లు మూసుకుని కొలిస్తే ఏమవుతుందో శ్రీకాకుళం జిల్లా చూసింది. సోంపేట దగ్గర బీల భూముల్లో థర్మల్ కేంద్రం పెట్టాలనుకున్నప్పుడు పర్యావరణ నివేదిక ఆ చిత్తడిని పనికిరాని నేలగా చూపించింది. నిజానికి ఆ బీల చుట్టూ రైతులు, మత్స్యకారులు, పశువుల కాపర్లు తరతరాలుగా బతుకుతున్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఏడెనిమిది నెలలు తిరగకుండానే 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర (చిత్తడి) భూముల దగ్గర ఇలాంటి గొడవలోనే మళ్లీ కాల్పులు జరిగాయి. ఈ జ్ఞాపకాలున్న తీరానికి రేపు ఎవరైనా గాలిమరల పటంతో వస్తే, ఊరివాళ్లు ముందు చూసేది కర్బన ఉద్గారాల లెక్కను కాదు, వచ్చినవాళ్లు ఏం దాచారన్నదాన్ని.

పటం ముందు గీసి మనుషులను తరువాత లెక్కపెడితే ఎలా ఉంటుందో హైదరాబాద్ తూర్పున ఉన్నవాళ్లు తమ వీధిలోనే చూశారు. 2024 సెప్టెంబరు చివర్లో మూసీ ఒడ్డున చైతన్యపురి, కొత్తపేట ప్రాంతాల్లో సర్వే సిబ్బంది ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బి-ఎక్స్ అని రాశారు. నది గర్భంలో ఉన్న ఇల్లని దాని అర్థం. ఇళ్లు కోల్పోయేవాళ్లకు రెండు పడక గదుల ఇళ్లు ఇవ్వడానికే జాబితా తీస్తున్నామని అధికారులన్నారు. దశాబ్దాలుగా పన్ను కడుతున్న కాగితాలు చేత పట్టుకుని జనం రోడ్డెక్కారు. సర్వే అనే మాటే అక్కడ భయం పుట్టించింది. నిర్ణయం తెలిశాక వచ్చే సర్వేలో మనిషి ఇచ్చే జవాబు వేరు, నిర్ణయానికి ముందు ఇచ్చే జవాబు వేరు. సామాజిక పరిశోధకులు తమను గుత్తేదారు నుంచీ ప్రభుత్వ శాఖ నుంచీ వేరుగా ఉంచుకోవాలని పట్టుబట్టేది ఇందుకే. చట్ట ప్రకారం జరిగే ప్రజాభిప్రాయ సేకరణ ఈ లోటు తీర్చదు. షామియానా కింద మైకు పట్టుకుని ఒక్క పూటలో మాట్లాడగలిగేవాళ్లు ఊళ్లో కొద్దిమందే, ఆ పూట వేటలో ఉన్నవాడు అసలే రాలేడు.

ఇక తొలి విడత గాలిమరలు రావలసిన గుజరాత్ సంగతి. అది కూడా ఆంధ్ర తీరం నుంచే మొదలవుతుంది. 2010 నాటి సముద్ర మత్స్య గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్ తీరంలో 555 మత్స్యకార గ్రామాలు, లక్షా అరవై మూడు వేల కుటుంబాలు ఉన్నాయి. గణన ఇంటి దగ్గర జరుగుతుంది, వేటాడే చోట కాదు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరమున్నా పెద్ద పడవలు నిలిపే రేవు లేకపోవడంతో, అలల్లో నుంచే పడవను తోసుకుపోవలసిన తీరం కావడంతో, అక్కడి మగవాళ్లు వేల సంఖ్యలో గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి ఇతరుల ట్రాలర్ల మీద పనిచేస్తారు. పడవ నడిపేవాణ్ణి తండేలు అంటారు, మిగిలినవాళ్లు కలాసీలు. 2018 చివర్లో అలా వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ సముద్ర భద్రతా సంస్థ పట్టుకుపోయినప్పుడు ఎచ్చెర్ల మండలంలోని డి.మత్స్యలేశం, బడివానిపేట లాంటి ఊళ్ల పేర్లు దేశానికి తెలిశాయి. వాళ్లలో ఇరవై మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. ఆ ఏడాదే మార్చిలో లాక్‌డౌన్ వచ్చి వేల మంది తెలుగు కలాసీలు వెరావల్ రేవులో పడవల మీదే చిక్కుకుపోతే బస్సుల్లో రప్పించాల్సి వచ్చింది.

ఈ మనుషులు గుజరాత్‌లో జరిగే ఏ అధ్యయనంలో కనిపిస్తారు? పరిశోధకుడు ఖంభాత్ సింధుశాఖ చుట్టూ ఉన్న మత్స్యకార గ్రామాలు తిరిగితే కనిపించరు, వాళ్ల ఇళ్లు అక్కడ లేవు. పడవ యజమానుల సంఘాన్ని పిలిచి మాట్లాడితే కనిపించరు, వాళ్లకు పడవలు లేవు. గుజరాతీలో, హిందీలో ప్రశ్నపత్రం ఇస్తే కొంతమందికి అర్థమవుతుంది గాని మనసు విప్పి మాట్లాడేది తెలుగులోనే, అదీ శ్రీకాకుళం తెలుగులో. వేట నీళ్లు తగ్గి ట్రాలర్ల సంఖ్య తగ్గిందనుకుంటే యజమానికి పరిహారమో మరో వ్యాపారమో దొరుకుతుంది. కలాసీకి ఆ ఏటి ఒప్పందం రద్దవుతుంది, అంతే. పన్నెండు నాటికల్ మైళ్ల దాకా వేట వ్యవహారం రాష్ట్రానిది, ఆ పైన కేంద్రానిది. గుజరాత్ రాష్ట్రానికి అతను ఓటరు కాడు, ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖకు అతని పని తన నీళ్లలో జరిగేది కాదు.

ఈ ఖాళీ పూడ్చడానికి కొత్త శాస్త్రం ఏదీ అక్కర్లేదు. వెరావల్‌లో ట్రాలర్ల రాకపోకల పుస్తకాల నుంచి కలాసీల ఊళ్ల జాబితా తీయవచ్చు. తండేళ్లు ఏ నెలలో ఏ వైపు పడవ తిప్పుతారో వాళ్లనే అడిగి గడుల పటం మీద గుర్తించవచ్చు. ఒక సీజనుకు ఇంటికి ఎంత పంపుతారు, అందులో అప్పుకెంత, పిల్లల చదువుకెంత పోతుందో ఇళ్ల దగ్గర ఆడవాళ్లకు తెలుసు. కావలసిందల్లా ప్రశ్నపత్రం పట్టుకుని సరైన కాలంలో సరైన చోటికి వెళ్లడం. పడమటి తీరంలో వేట నిషేధం జూన్ 1 నుంచి మొదలవుతుంది. ఆగస్టులో పడవలు మళ్లీ కదిలే ముందు కలాసీలు రైలెక్కుతారు. ఆ రెండు నెలలు వాళ్లు గుజరాత్‌లో ఉండరు. ఎచ్చెర్ల, రణస్థలం మండలాల్లో తమ ఇళ్ల దగ్గర ఉంటారు, అడిగితే చెప్పడానికి తీరిక కూడా అప్పుడే దొరుకుతుంది.